నిశ్చయార్థక క్రియావిశేషణాలు: తెలుగులో, కల్వకుర్తి ప్రాంత వాడుకలో

చెప్పే విషయం మీద వక్తకు ఎంత నమ్మకం ఉందో, ఆ విషయం ఎంత తేటగా కనబడుతోందో తెలిపే మాటలను నిశ్చయార్థక క్రియావిశేషణాలు అంటారు. తప్పకుండా, ఖచ్చితంగా, నిజంగా, నిస్సందేహంగా, స్పష్టంగా, తేటతెల్లంగా, ముమ్మాటికీ వంటివి శిష్టవ్యవహారంలో ఎక్కువగా వినబడతాయి. బరాబర్, జరూర్, పక్కా, ఖాయం, సాఫ్‌గా అనేవి తెలంగాణ వాడుకలో వీటి సరసన నిలుస్తాయి. నిఘంటువులు వీటిని తరచు ఒకదానికి మరొకటి అర్థంగా ఇస్తాయి. వాడుకలో మాత్రం ఒకదాని చోట మరొకటి కుదరని సందర్భాలే ఎక్కువ.

ఈ మాటల్లో రెండు భావాలు కలిసి ఉంటాయి. స్పష్టత విషయానికి చెందింది: అది కంటికో చెవికో బుద్ధికో మరుగు లేకుండా అందడం. నిశ్చయం వక్తకు చెందింది: తాను చెప్పిన దానికి కట్టుబడి ఉండడం. స్పష్టంగా కనబడినదల్లా నిశ్చయం కాదు. ఎండమావి స్పష్టంగానే కనిపిస్తుంది. కంటికి ఆనని విషయాన్ని నిశ్చయంగా చెప్పడమూ ఉంది. ఈ వ్యాసం ఆధునిక తెలుగును ప్రధానంగా తీసుకుని, మాండలిక ఉదాహరణలకు కల్వకుర్తి, దాని చుట్టుపక్కల పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల మాటను ఆధారం చేసుకుంటుంది.

వ్యాకరణంలో స్థానం

తెలుగు సంప్రదాయ వ్యాకరణాల్లో క్రియావిశేషణానికి ప్రత్యేక అధ్యాయం లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పది పరిచ్ఛేదాల గ్రంథం. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగిసే ఆ పదింటిలో ఈ పేరుతో ఒక్కటీ కనబడదు. ఇక్కడ చర్చించే మాటలు ఆ దృష్టిలో కొన్ని నామాలు, కొన్ని అవ్యయాలు, కొన్ని అసమాపక క్రియలు. క్రియావిశేషణం అనే వర్గం బడి వ్యాకరణాల ద్వారా స్థిరపడింది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం వంటి వర్ణనాత్మక రచనలు వ్యవహార భాషను ఆధారం చేసుకుని ఈ పదాలను వాక్యనిర్మాణంలో భాగంగా చూశాయి.

ఈ వర్గీకరణ కష్టానికి కారణం భాషలోనే ఉంది. తెలుగు నిశ్చయాన్ని తెలపడానికి క్రియకు ముందుండే విశేషణం మీద మాత్రమే ఆధారపడదు. వాక్యం చివర క్రియలో, దానికి అంటుకున్న చిన్న ప్రత్యయంలో ఈ పని ఎక్కువగా జరుగుతుంది (చూ. వాక్యాంతంలో నిశ్చయం).

రూపనిర్మాణం

అన్నిటికన్నా విరివిగా ఉన్న పద్ధతి నామానికి ‘గా’ చేర్చడం: స్పష్టం, స్పష్టంగా, నిజం, నిజంగా. ఈ ‘గా’ ‘అవు’ ధాతువు నుంచి వచ్చింది. అందుకే అదే నామం విశేషణమైనప్పుడు ‘అయిన’ చేరి స్పష్టమైన, ఖచ్చితమైన అని మారుతుంది.

రెండో పద్ధతి వ్యతిరేక రూపం. తప్పక, తప్పకుండా, సందేహం లేకుండా, తిరుగు లేకుండా అనేవి లోపం లేదని చెప్పి నిశ్చయాన్ని సాధిస్తాయి. నిస్సందేహంగా, నిర్ద్వంద్వంగా, అసందిగ్ధంగా అనే సంస్కృత పదాలు కూడా ఈ దారివే. ఉన్నదని నేరుగా అనడం కన్నా లేనిదాన్ని కొట్టివేయడం తెలుగుకు ఇష్టమైన పద్ధతి అనిపించేంతగా ఈ జాబితా పెద్దది.

మూడో పద్ధతిలో సంఖ్య పని చేస్తుంది. ముమ్మాటికీ అంటే మూడు మాట్లకూ, అంటే మూడు సార్లకూ అని. నూటికి నూరుపాళ్లు కూడా ఇలాంటిదే. ఇవి ఎక్కువగా క్రియ లేని వాక్యాల్లో ఇముడుతాయి: ‘అది ముమ్మాటికీ తప్పే’.

పదాల మూలాలు

ఈ పదజాలం పొరలు పొరలుగా ఏర్పడింది. అడుగున ఉన్నది ద్రావిడ పొర. తెలియు, తెలుపు, తెల్లవారు, తేట అనేవన్నీ ఒకే ధాతు కుటుంబానికి చెందినవి. తమిళంలో స్పష్టపడడాన్ని చెప్పే ‘తెళి’ వీటికి చుట్టం. మడ్డి అడుక్కు దిగాక పైన నిలిచిన నీరు తేట. పాత తెలుగులో తెల్లము అంటే స్పష్టం. ఈ రెండూ కలిసి తేటతెల్లం అయింది. పాత కావ్యాల్లో కనబడే నిక్కము, నిక్కువము నేటి మాటలో దాదాపు లేవు.

సంస్కృతం నుంచి వచ్చిన వాటిలో అర్థం మారినవి ఆసక్తికరం. నిజ అనే పదానికి సంస్కృతంలో ‘తనదైన’ అని అర్థం. తెలుగులో అది సత్యానికి పేరైంది. బహుశః అంటే అనేక సార్లు, తరచుగా. తెలుగు ‘బహుశా’ మాత్రం సందేహాన్ని సూచిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ దూరం ప్రయాణించింది అనుమానం. న్యాయ దర్శనం అంగీకరించిన నాలుగు ప్రమాణాల్లో ప్రత్యక్షం తరవాతది అనుమానమే. పొగను చూసి నిప్పు ఉందని తేల్చుకోవడం నమ్మదగిన జ్ఞానం. తెలుగు వాడుకలో అదే పదం శంకగా, కొన్నిచోట్ల నిందగా కూడా మారింది.

ఖచ్చితంగా అనే పదం పుట్టుక మీద ఏకాభిప్రాయం లేదు. పొదిగిన, బిగించిన అనే అర్థమున్న సంస్కృత ‘ఖచిత’తో కొందరు దీన్ని ముడిపెడతారు. కన్నడంలో నిశ్చితమైన దానికి ఖచిత అనే అంటారు. తమిళ ‘కచ్చిదం’ పొందికను, సరిగ్గా అమరడాన్ని చెబుతుంది. తెలుగులో కచ్చితం, ఖచ్చితం అనే రెండు వర్ణక్రమాలూ చెల్లుతున్నాయి.

మూడో పొర ఉర్దూ ద్వారా వచ్చిన అరబ్బీ, పారశీ, హిందుస్తానీ పదాలది. కల్వకుర్తి 1948 సెప్టెంబరు వరకూ నిజాం పాలించిన హైదరాబాదు రాజ్యంలో ఉంది. ఆ కాలపు చివరి దశాబ్దాల్లో కచేరీలోనూ కోర్టులోనూ బడిలోనూ ఉర్దూ నడిచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. పహాణీ, ఫైసలా, దరఖాస్తు వచ్చిన దారినే ఖాయం, జరూర్, బరాబర్ కూడా ఊళ్లోకి వచ్చాయి. చివరి పొర ఇంగ్లిషుది: గ్యారంటీ, కన్ఫర్మ్, డెఫినెట్‌గా.

శిష్టవ్యవహారంలో అర్థచ్ఛాయలు

తప్పకుండా, ఖచ్చితంగా. ఈ రెండింటి తేడా జవాబుల్లో బయటపడుతుంది. ‘రేపు మా ఇంటికి రండి’ అంటే ‘తప్పకుండా’ అనవచ్చు. ‘ఈ విషయంలో తప్పు అతనిదే’ అంటే ‘ఖచ్చితంగా’ అనవచ్చు గాని ‘తప్పకుండా’ అనలేం. తప్పకుండా అనేది మాట ఇవ్వడం, ఖచ్చితంగా అనేది మాటతో ఏకీభవించడం. జరిగిపోయిన సంఘటనతోనూ ఇదే తేడా. ‘నిన్న ఖచ్చితంగా వాన పడింది’ సరైన వాక్యం. ‘నిన్న తప్పకుండా వాన పడింది’ చెవికి కొరుకుడు పడదు. అయితే ‘ఏటేటా తప్పకుండా జాతరకు వెళ్లాడు’ అన్నప్పుడు భూతకాలమైనా ఇబ్బంది లేదు. అక్కడ ఆ మాట నమ్మకాన్ని చెప్పడం లేదు, ఒక్కసారీ మానలేదని చెబుతోంది.

ఖచ్చితంగా అనే పదానికి నిశ్చయంతో పాటు కొలత అర్థమూ ఉంది. ‘ఖచ్చితంగా పది గంటలకు వచ్చాడు’ అన్న వాక్యం ఒక నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చాడని చెబుతుంది. ‘డబ్బు విషయంలో ఖచ్చితమైన మనిషి’ అంటే లెక్కకు నిలిచేవాడు, కాస్త కఠినుడు కూడా. కొలత నుంచి కాఠిన్యానికి, అక్కడి నుంచి నిశ్చయానికి ఈ పదం పరిధి పాకింది.

తప్పనిసరిగా అనేది బలవంతాన్ని తెస్తుంది. తప్పకుండా వస్తానన్నవాడికి రావాలని ఉంది. తప్పనిసరిగా వెళ్లాలన్నవాడికి ఇష్టం ఉన్నా లేకున్నా వెళ్లక తప్పదు. ప్రభుత్వ నోటీసుల్లో కనిపించేది ఇదే.

నిజంగా. ఎదుటివాడికి సందేహం ఉందని అనుకున్నప్పుడే ఈ మాట వస్తుంది. ఎవరూ శంకించని విషయాన్ని ‘నిజంగా’ అని మొదలుపెడితే వినేవాడికి కొత్తగా శంక పుడుతుంది. ‘నిజంగానా?’ అనేది ఆశ్చర్యం. ‘నిజానికి’ అనే రూపం వేరే పని చేస్తుంది: అంతవరకూ అనుకున్నది సరి కాదని మలుపు తిప్పుతుంది.

నిస్సందేహంగా, నిశ్చయంగా. మొదటిది విలువ కట్టే వాక్యాల్లో, రాతలో ఎక్కువ: ‘నిస్సందేహంగా గొప్ప నటుడు’. ఎప్పుడొస్తావని అడిగితే ‘నిస్సందేహంగా సాయంత్రం’ అని ఎవరూ అనరు. నిశ్చయంగా మాటలో అరుదై, తెలుగు బైబిలు భాషలో ‘నిశ్చయముగా’ అనే రూపంలో బలంగా నిలిచింది. చర్చికి వెళ్లే కుటుంబాల మాటలో అది వినబడడానికి కారణం ఇదే.

స్పష్టంగా, తేటతెల్లంగా, బాహాటంగా. స్పష్టంగా అనేది చూడడం, వినడం, చెప్పడం, తెలియడం వంటి క్రియలతో పొత్తు కడుతుంది. విస్పష్టంగా, సుస్పష్టంగా అనేవి దాని గ్రాంథిక రూపాలు, బరువు తప్ప కొత్త అర్థం తేవు. తేటతెల్లం అంతకు ముందు అయోమయం ఉందని సూచిస్తుంది. అందుకే దానితో ‘అయింది’, ‘చేసింది’ అనే క్రియలే ఎక్కువ వస్తాయి. బాహాటంగా అనేది స్పష్టతకు పొరుగుది. దాపరికం లేదని చెబుతుందే గాని మాట అర్థమయ్యేలా ఉందో లేదో చెప్పదు.

ఖరాఖండిగా, కుండబద్దలు కొట్టినట్టు. ఇవి మాట్లాడే క్రియలకే పరిమితం. ఖరాఖండిగా తిరస్కరిస్తారు, కుండబద్దలు కొట్టినట్టు చెబుతారు. వాన ఖరాఖండిగా పడదు.

కల్వకుర్తి ప్రాంత వాడుక

కల్వకుర్తి పట్టణం పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి విభజనలో ఈ ప్రాంతపు మాట తెలంగాణ మాండలికానికి చెందుతుంది. దక్షిణాన కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూరు నడిగడ్డలో కర్నూలు వైపు మాట కలుస్తుంది. వనపర్తి, కల్వకుర్తి వైపు అది తగ్గుతుంది.

ఇక్కడి నిశ్చయార్థకాల్లో అన్నిటికన్నా విశిష్టమైనది బరాబర్. పారశీలో దీని అర్థం సమానం. ‘లెక్క బరాబరుంది’ అన్నప్పుడు ఆ అర్థమే నిలిచి ఉంది. సరితూగినది న్యాయమైనది గనక, ‘బరాబర్’ అన్న మాటకు హక్కు అనే ఛాయ వచ్చింది. ‘నీళ్లు బరాబర్ అడుగుతం’ అన్న రైతు తాను అడగడం ఖాయమని మాత్రమే చెప్పడం లేదు, అడిగే అధికారం తనకుందని కూడా చెబుతున్నాడు. శిష్టవ్యవహారంలోని ఏ ఒక్క పదమూ ఈ రెండింటినీ కలిపి మోయదు. ‘ఖచ్చితంగా అడుగుతాం’ అంటే పట్టుదల వినబడుతుంది, హక్కు వినబడదు.

జరూర్ మర్యాద మాట. పిలుపుకు జవాబుగా వస్తుంది:
‘కాకా, పెండ్లికి రావాలె.’
‘జరూర్ వస్త బిడ్డా.’
ఇక్కడ ‘బరాబర్ వస్త’ కూడా చెల్లుతుంది. అయితే దానిలో ‘నేను రాకుంటే ఎట్ల’ అనే చనువు వినబడుతుంది.

ఖాయం అరబ్బీ ‘కాయిమ్’ నుంచి వచ్చింది, నిలబడినది అని అర్థం. ఇది వక్త చేతిలో లేని, ఇక మారదనుకునే విషయాలకు సరిపోతుంది. సంబంధం కుదిరితే ‘పెండ్లి ఖాయమైంది’ అంటారు. ‘ఉడు’ చేరిన క్రియానామంతో దీనికి గట్టి పొత్తు: ‘చెర్లకు నీళ్లొచ్చుడు ఖాయం’, ‘గీసారి గెలుసుడు ఖాయం’. ఎన్నికల మాటల్లో మాత్రం ఇది అంచనాకే మారుపేరు, ఆ అంచనా తప్పడమూ ఉంది. 1989 శాసనసభ ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ పోటీ చేసి, ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడిపోయారు.

పక్కా అంటే పండినది, పూర్తిగా తయారైనది. పక్కా ఇల్లు అన్నప్పుడు విశేషణం. నిశ్చయార్థంలో అది తరచు క్రియ తరవాతకు జరుగుతుంది: ‘వస్తడు, పక్కా’. సాఫ్‌గా అనేది స్పష్టతకు చెందినా, ‘సాఫ్‌గ చెప్పిండు’ అంటే దాచుకోకుండా, మొహమాటం లేకుండా చెప్పాడని ఎక్కువ. శిష్ట పదం ‘స్పష్టంగా’ ఉచ్చారణకూ అర్థానికీ వర్తిస్తుంది, సాఫ్ మనసుకు కూడా వర్తిస్తుంది.

నిశ్చయం తగ్గినప్పుడు ఈ ప్రాంతంలో ‘కావచ్చు’ వాక్యం చివర చేరుతుంది: ‘ఊరికి పోయిండు కావచ్చు’. కోస్తా మాటలో ఇదే స్థానంలో ‘కాబోలు’, ‘కామోసు’ వస్తాయి. బహుశా అనేది పత్రికల, ఉపన్యాసాల మాటగానే ఉండిపోయింది.

వాక్యాంతంలో నిశ్చయం

తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. వక్త వైఖరి కూడా అక్కడే తేలుతుంది. ‘వస్తాడు’ అన్న ఒక్క క్రియ తీసుకుంటే:

‘వస్తాడులే’ ఊరడింపు. వక్తకు నమ్మకం ఉందో లేదో గాని వినేవాడు నిమ్మళించాలి. ‘వస్తాడుగా’, ‘వస్తాడు కదా’ అంటే నీకూ తెలిసిందే అని. ‘వస్తాడేమో’ సందేహం. ‘వస్తాడట’, పాలమూరులో ‘వస్తడంట’, ఇతరులు చెప్పగా విన్న మాట. ‘వచ్చినట్టుంది’ గుర్తులు చూసి ఊహించినది: వాకిట్లో చెప్పులు కనబడ్డాయి, మనిషి కనబడలేదు.

అన్నిటికన్నా గట్టి రూపం ‘తీరు’ అనే సహాయక క్రియది. ‘వచ్చి తీరుతాడు’ అన్న వాక్యానికి ఏ క్రియావిశేషణమూ అవసరం లేదు. వ్యతిరేకంలో ఇంతటి బలం ‘ఏ’కారంతో కూడిన ద్విరుక్తికి ఉంది: ‘రానే రాడు’, ‘చెప్పనే చెప్పడు’. ఈ ఏకారాన్నే వ్యాకరణాలు అవధారణార్థకం అంటాయి. అది ఏ పదానికి చేరితే నిశ్చయం ఆ పదం మీదికి పోతుంది. ‘వాడే నిన్న వచ్చాడు’, ‘వాడు నిన్ననే వచ్చాడు’ అనే వాక్యాలు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. క్రియావిశేషణం ఇంత సూక్ష్మంగా గురి పెట్టలేదు.

ఇంగ్లిషుతో పోలిక

ఇంగ్లిషులో ఈ భావాలకు సర్టెన్‌లీ, డెఫినెట్‌లీ, ష్యూర్‌లీ, క్లియర్‌లీ, ఆబ్వియస్‌లీ, ఎవిడెంట్‌లీ, అపారెంట్‌లీ వంటి క్రియావిశేషణాలు ఉన్నాయి. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం వీటిని రెండు పాత్రల్లో చూపింది: క్రియ జరిగిన తీరును చెప్పేవి, మొత్తం వాక్యం మీద వక్త వ్యాఖ్యగా నిలిచేవి. క్లియర్‌లీ వాక్యం చివర వస్తే ‘స్పష్టంగా మాట్లాడాడు’ అని. వాక్యం మొదట కామాతో వస్తే ‘అతను మాట్లాడాడన్నది స్పష్టమే’ అని. స్థానం మారితే పాత్ర మారుతుంది.

తెలుగు ‘స్పష్టంగా’ ఎక్కడ ఉన్నా తీరునే చెబుతుంది. వాక్యం మొత్తాన్ని వ్యాఖ్యానించాలంటే నిర్మాణం మార్చాలి: ‘అతను రాడని స్పష్టంగా తెలుస్తోంది’, ‘అతను రాడన్నది స్పష్టం’. వాక్యం ముందు ‘స్పష్టంగా,’ అని పెట్టి కామాతో ఆపడం ఇటీవలి అనువాదాల్లో కనబడుతున్న ఎరువు తీరు. చదివేవాడు చివరిదాకా వెళ్లి వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇంగ్లిషు పదాల్లోనూ బలం ఒక్క తీరున లేదు. అపారెంట్‌లీ మూలార్థం ‘కనబడేలా’ అయినా ఇప్పుడది ‘అలా అంటున్నారు’, ‘అలా అనిపిస్తోంది’ అనే మెత్తని మాట. ష్యూర్‌లీ చాలా వాక్యాల్లో నిశ్చయం కన్నా ఎదుటివాడి సమ్మతి కోరడాన్ని చెబుతుంది, తెలుగులో ‘కదా’ లాగా. సర్టెన్‌లీకి ‘తప్పకుండా’, ‘ఖచ్చితంగా’ రెండూ వస్తాయి. అడిగినది సహాయమా అభిప్రాయమా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. అపారెంట్‌లీని తెలుగు చేసేవాడు ‘అట’, ‘నట్టుంది’లలో ఒకటి ఎంచుకోక తప్పదు. విన్నదో ఊహించినదో ఇంగ్లిషు వాక్యం చెప్పకపోవచ్చు, తెలుగు వాక్యం చెప్పాలి. ఆబ్వియస్‌లీకి ఏకపదం లేదు. ‘తెలిసిందే’, ‘వేరే చెప్పాలా’, ‘సహజంగానే’ అనేవి సందర్భాన్ని బట్టి ఆ చోటును పూరిస్తాయి.

చట్టం, శాస్త్రం, పత్రికలు

నిశ్చయానికి మెట్లు కట్టాల్సిన అవసరం కొన్ని వృత్తుల్లో ఉంది. నేర విచారణలో నేరం సహేతుక సందేహానికి అతీతంగా రుజువు కావాలి. సివిల్ వివాదాల్లో ఏది ఎక్కువ సంభావ్యం అన్నది చాలు. 1872 నాటి సాక్ష్య చట్టం రుజువైంది, రుజువు కాలేదు, అబద్ధమని రుజువైంది అనే మూడు స్థితులను వేరుచేసింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ విభజననే నిలిపింది. కోర్టు వార్త రాసే విలేఖరి ‘రుజువు కాలేదు’ అన్నదాన్ని ‘అబద్ధమని తేలింది’ అని రాస్తే అర్థం మారుతుంది.

అమెరికా గూఢచార విశ్లేషకుడు షెర్మన్ కెంట్ 1964లో ఇలాంటి పదాలకు అంకెలు కట్టే ప్రయత్నం చేశాడు. ‘దాదాపు ఖాయం’ అనే మాటకు ఆయన ఇచ్చినది 93 శాతం, ఆరు అటూ ఇటూ. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని అంతర్‌ప్రభుత్వ సంఘం నివేదికల్లో ‘సంభావ్యం’ అంటే 66 నుంచి 100 శాతం, ‘చాలా సంభావ్యం’ అంటే 90 నుంచి 100 శాతం, ‘దాదాపు నిశ్చయం’ అంటే 99 నుంచి 100 శాతం. తెలుగు వార్తల్లో ఈ మెట్లన్నీ సాధారణంగా ‘అవకాశం ఉంది’ అనే ఒక్క మాటలోకి ఒదిగిపోతాయి.

పత్రికల భాషలో మరో అలవాటు ఉంది. నాయకుడు ఏం చెప్పినా ‘స్పష్టం చేశారు’ అని రాయడం. అంతకు ముందు అస్పష్టత ఉండి, దాన్ని ఆయన తొలగించినప్పుడే ఈ క్రియకు అర్థం ఉంటుంది. ‘తేల్చి చెప్పారు’, ‘ఉద్ఘాటించారు’ అనేవి కూడా ఇలాగే అరిగిపోయి ‘అన్నారు’కు పర్యాయాలయ్యాయి.

నిఘంటువుల్లో

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు (1852) వాడుక మాటలకు చోటిచ్చింది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) కావ్యభాషను ఆధారం చేసుకుంది. సూర్యరాయాంధ్ర నిఘంటువు వ్యావహారికాన్ని పక్కన పెట్టిందని గిడుగు రామమూర్తి విమర్శించారు. గ్విన్ 1991లో ప్రచురించిన నిఘంటువు ఆధునిక రచనల భాషను, సమకాలీన వాడుకను లెక్కలోకి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962 నుంచి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశాలు వ్యవసాయంతో మొదలై చేతివృత్తుల పదాలను సేకరించాయి. వాటి పరిధి పనిముట్లూ పనులూ గనక, బరాబర్, జరూర్ వంటి వైఖరి పదాలు వాటిలోకి వచ్చే అవకాశం లేదు.